అందుకునేవాళ్ళు లేని పాట

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక ఆడగొంతు ఉంది. "దయచేసి తలుపు మూయండి" అంటుంది. మూడో అంతస్తువాళ్ళు చెప్పుల బుట్ట అడ్డం పెట్టి వెళ్ళిపోతే మధ్యాహ్నమంతా అంటూనే ఉంటుంది. అసోసియేషన్ మీటింగులో నేను ఫిర్యాదు చేశాను. శబ్దం ఎక్కువగా ఉందంటున్నాననుకుని తగ్గిస్తామన్నారు. నా ఫిర్యాదు అది కాదు. ఆ గొంతును ఎవరో స్నానాల గదిలో రికార్డు చేశారు. 'దయచేసి'కీ 'తలుపు'కీ మధ్య ఎవరో కుర్చీ జరిపారు. ఇన్నేళ్ళుగా ఆ కుర్చీ రోజూ జరుగుతూనే ఉంది, ఎవరికీ పట్టలేదు. కార్యదర్శిగారు నన్ను జాలిగా చూసి, "రిటైరై ఎన్నాళ్ళయిందండీ?" అన్నారు.

కొన్నాళ్ళయింది. అంతకుముందు కువైట్‌లో, హవల్లీలోని ఒక కాలేజీ స్టూడియోలో పనిచేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న కుర్రవాళ్ళు, ఫోనులోనే స్టూడియో పెట్టుకున్నవాళ్ళు, మీరెలా వచ్చారండీ ఇందులోకి అని నన్ను అడుగుతుంటారు. చదువుకుని వచ్చానని చెబుతాను. అది నిజమే. చెప్పకుండా మిగిల్చే సగం ఇది.

ఇరాక్ గొడవ అయిపోయి, కువైట్ మళ్ళీ రంగులు వేసుకుని కూర్చున్నాక, నేను హవల్లీలో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్లో సేల్స్‌మన్‌ని. బి.ఎస్సీ. ఫిజిక్సు చదివినందువల్ల స్పీకర్ల పెట్టెలు మోసే పని కాకుండా, వాటి గురించి అబద్ధాలు చెప్పే పని ఇచ్చారు. అక్కడి కొట్లకు ఒక పద్ధతి ఉండేది. పొద్దున తెరిచి, మధ్యాహ్నం మూసి, ఎండ దిగాక మళ్ళీ తెరుస్తారు. ఆ మధ్యలో ఊరు ఊరంతా పడుకుంటుంది. నాకు పగలు నిద్ర పట్టదు. గదిలో నాతో ఉండేవాళ్ళకు బ్రహ్మాండంగా పట్టేది. లైటు వేస్తే తిట్టేవాళ్ళు, పేజీ తిప్పితే మూలిగేవాళ్ళు. అందుకని బయటికి వచ్చి నడిచేవాడిని. వీధిలో నేనూ, ఏసీల నుంచి కారే నీటిచుక్కలూ తప్ప కదిలేదేమీ ఉండేది కాదు. పెళ్ళి సంగతి మావాళ్ళు మరిచిపోయారు, నేనూ గుర్తు చేయలేదు. శుక్రవారాలు ఒక ఫోన్ కార్డు కొనుక్కుని, ఎవరికి చేయాలా అని ఆలోచిస్తూ టీ తాగేవాడిని. టీ బాగుండేది.

ఆ కాలేజీ తలుపు తోసింది సంగీతం మీద ప్రేమతో కాదు. లోపల ఏసీ ఉంది. టైపింగు, కేకులు చేయడం, లెక్కలు రాయడం, ఇంగ్లీషు మాట్లాడటం, ఇలా ఏ దేశం నుంచి వచ్చినవాళ్ళకైనా ఏదో ఒకటి నేర్పే కమ్యూనిటీ కాలేజీ అది. మధ్యాహ్నం పూట ఖాళీ ఉన్న క్లాసు ఏదని అడిగితే, సంగీతం, సౌండ్ రికార్డింగ్ అన్నారు. కేకుల క్లాసు ఖాళీగా ఉండి ఉంటే నా జీవితం ఇంకోలా ఉండేది.

మా ఉస్తాద్ ఈజిప్టు మనిషి. కైరో రేడియోలో పనిచేసి వచ్చాడు. పాట వింటున్నప్పుడు కళ్ళు మూసుకునేవాడు, మేం మాట్లాడుతున్నప్పుడు కూడా మూసుకునేవాడు. సంగీతం కొంత వచ్చి తీరాలని నన్ను కీబోర్డు ముందు కూర్చోబెట్టాడు. కాసేపు విని, "నువ్వు మీటలు వాయిస్తున్నావా, ధర కనుక్కుంటున్నావా?" అన్నాడు. పాడించి చూశాడు. నా శ్రుతికి ఒక నిజాయితీ ఉంది. ఎప్పుడు తప్పినా అంతే దూరంలో తప్పుతుంది.

రికార్డింగు మాత్రం అబ్బింది. అప్పటికి మా కాలేజీకి కంప్యూటర్లు రాలేదు. పెద్ద చక్రాల టేపు, బ్లేడు, అతుకు వేయడానికి తెల్ల ప్లాస్టరు. ఉస్తాద్ మాకు రెండే నియమాలు చెప్పాడు. ఒకటి, పాడేవాళ్ళు రాకముందే ఖాళీ గది నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేసి పెట్టుకోవాలి. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. మధ్యలో అతుకు వేయవలసివస్తే ఉత్త టేపు పనికిరాదు, చెవి బావిలో పడ్డట్టు ఉంటుంది. రెండు, టేపు తిరుగుతుండగా మిషను వదిలి పోకూడదు. "ఇల్లు తగలబడుతున్నా సరే," అనేవాడు. "మంటల చప్పుడు కూడా సరైన లెవెల్లో రావాలి."

ఆ ఏడాది చివర రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి. కొట్టు యజమాని, అంటే నా కఫీల్, పండగ తర్వాత నన్ను షుఐబా వైపు గోడౌనుకు మారుస్తానన్నాడు. అక్కడ మనుషులు తక్కువ, పెట్టెలు ఎక్కువ. మధ్యాహ్నాలు మూసే పద్ధతి లేదు, కాబట్టి క్లాసు ఖలాస్. రెండోది, పరీక్ష బాగా చేసినవాళ్ళలో ఒకరిని కాలేజీ స్టూడియోలో అసిస్టెంటుగా తీసుకుంటుందని, ఇఖామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్టు, కూడా తన పేరు మీదికి మార్పించుకుంటుందని ఉస్తాద్ చెప్పాడు. పరీక్ష చిన్నదే. స్టూడియోకు ఒక మనిషిని తీసుకొచ్చి, ఒక పాట పాడించి, రికార్డు చేసి ఇవ్వాలి. మనిషిని ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి.

క్లాసులో ఫిలిప్పీన్స్ అబ్బాయి హోటల్లో పాడేవాడు, వాడికి ముఠా ఉంది. పెళ్ళి వీడియోలు తీసే మలయాళీకి చుట్టాలే సగం సాల్మియా. కువైటీ కుర్రాడికి ఊద్ వాయించే మామయ్య ఉన్నాడు. నాకు పాడే మనిషి సంగతి తర్వాత, మనిషే లేడు. అన్నేళ్ళు ఆ ఊళ్ళో ఉండి, ఒక్క పాటసేపు రమ్మని అడగగలిగినవాళ్ళు ఎవరా అని వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వేళ్ళు మిగిలాయి, అన్నీ.

జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా పనిచేసే కడప సాయెబు ఒకడు మా కొట్టుకు వస్తుండేవాడు. తన కఫీల్ పిల్లలు వీడియో గేములు చూస్తున్నంతసేపూ నా కౌంటరుకు ఆనుకుని నిలబడేవాడు. మా స్నేహం అంతా ఆ కౌంటరు వెడల్పే.

"ఏందన్నా, మొగం అట్ట పెట్టినావు. సరుకు పోలేదా?" అన్నాడు.

"పాడే మనిషి కావాలి."

"యాందుకు, అమ్మేదానికా?"

సంగతి చెప్పాను. అతను పిల్లల వైపు ఒక కన్ను వేసి ఆలోచించాడు.

"మా ఇంట్లో పని జేసే ఆమె ఉండాది. మీ గోదారాయమ్మే. గుడ్డలు ఇస్త్రీ జేస్తా పాడ్తా ఉంటాది. మా మామా, అదే మా కఫీల్ పెండ్లాం, ఆమె గూడా తలుపుకాడ నిలబడుకోని ఇంటాది. అర్థమయ్యేది లేదు, ఐనా ఇంటాది."

"వస్తుందంటావా?"

"ఆమెకు నెలకో శుక్రారం చర్చికి ఇడుస్తారు. ఉండేదే ఆ ఒక్క దినం. అది నీకిమ్మని యా మొగం పెట్టుకోని అడిగేదన్నా?"

ఆ మొహం చివరికి అతనే పెట్టుకుని అడిగాడు. ఆమె ఒప్పుకుంది. ఒక్క షరతు. పాట ఒక క్యాసెట్టులో ఎక్కించి ఇవ్వాలి, ఊళ్ళో ఉన్న కూతురికి పంపుకుంటుంది. అప్పట్లో గల్ఫు వాళ్ళు ఉత్తరాలకు బదులు మాటలు క్యాసెట్టులో నింపి, ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. ఆమె పంపిన మాటల క్యాసెట్టు పెడితే పిల్ల ఏడుస్తోందట. పాటయితే ఏడవదేమోనని ఆమె ఆశ.

ఆ శుక్రవారం ఉస్తాద్ గొణుక్కుంటూ తాళాలిచ్చాడు. నేను ముందే వెళ్ళి, నియమం ప్రకారం ఖాళీ గదిని రికార్డు చేశాను. ఎవరైనా వస్తారని ఎదురుచూస్తూ నేను తీసిన మొదటి నిశ్శబ్దం అది.

ఆమె చర్చికి కట్టుకునే చీరే కట్టుకుని వచ్చింది. చేతిలో బైబిలు, ఇంకో చేతిలో డబ్బా. డబ్బాలో మామా ఇంటి మచ్‌బూస్, మాంసం కలిపి వండిన అన్నం. "మధ్యాహ్నం తిండి దొరకదేమోనని తెచ్చానండి," అంది. డ్రైవరు ఆమెను దింపి, జుమ్మా నమాజు చూసుకుని వస్తానని, మగ్రిబ్ లోపల, అంటే పొద్దుగూకేలోగా, ఆమెను ఇంటికి చేర్చాలని చెప్పి వెళ్ళాడు.

"మనవాళ్ళేనాండి అన్నయ్యగారూ?" అని అడిగింది. చర్చివాళ్ళేనా అని.

"గోదావరివాళ్ళమేనమ్మా."

"అది తెలుస్తానే ఉందిలెండి."

లోపలి గదిలో నిలబెట్టాను. నాలుగు గోడలకూ మెత్తలు పరిచిన గది అది, అన్న మాట అన్నచోటే పడిపోతుంది. ఆమె ఒకసారి దగ్గి చూసుకుని, "ఈ గది నోరు నొక్కేస్తందేంటండి?" అంది. అలవాటవుతుందని చెప్పి, అద్దం ఇవతల మిషను దగ్గరికి వచ్చి టేపు తిప్పాను.

వాళ్ళ ఊరి పాస్టరుగారు కట్టిన పాటట. రేవు దాటించమని దేవుణ్ణి అడిగే పాట. మొదటి ముక్క ఎత్తుకుంది. నేను మిషను మీద లెవెలు చూపే సూదుల వైపు చూడటం మరిచిపోయాను. గొంతు గొప్పదని కాదు. ఎదురుగా ఎవరో ఉన్నారని నమ్మి పాడే గొంతు అది. ఆ ముక్క పాడి ఆగిపోయింది. కొనసాగించమని చెయ్యి ఊపాను. ఆమె నా వైపు చూస్తూ నిలబడింది. మళ్ళీ మొదలుపెట్టించాను. మళ్ళీ అక్కడే ఆగింది. లోపలికి వెళ్ళాను.

"ఎందుకాపారమ్మా?"

"నేనాపలేదండి. మీరు అందుకోవాలి."

"నేనా?"

"ఎవరో ఒకళ్ళు అందుకోవాలి గదండి. చర్చిలో నేనొక ముక్కంటే అందరూ ఆ ముక్కంటారు. వాళ్ళంటేనే నాకు రెండోది వస్తది."

"మరి ఇస్త్రీ చేస్తూ పాడతారట. అప్పుడు ఎవరు అందుకుంటారు?"

"ఇస్త్రీపెట్టె ఉంటదిగదండి."

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు ఒక ఇస్త్రీపెట్టె అరువు తెచ్చుకుంటే సరిపోయేది. అప్పుడు తోచలేదు. మిషను దగ్గరే కూర్చుని, లోపలికి మాట వినిపించే చిన్న స్పీకరులోంచి అందుకుని చూశాను. ఆమె నవ్వేసింది. "వార్తలు చదువుతున్నట్టుందండి," అంది. డ్రైవరేమో మసీదులో ఉన్నాడు. కారిడారులో నీళ్ళ కూలరు తప్ప ఎవరూ లేరు. ఆమె గోడ గడియారం వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. నెలలో ఉన్న ఆ ఒక్క రోజూ నా అద్దాల గదిలో కరిగిపోతోంది.

టేపు తిప్పి, మిషను వదిలి, లోపలికి వెళ్ళి నిలబడ్డాను.

మైకుకు ముందూ వెనకా ఉంటాయి. నేను దాని వీపు వైపు నిలబడ్డాను, నా గొంతు తక్కువ పడుతుందని. ఆమె ఒక ముక్క అంది. నేను అందుకున్నాను. నా గొంతు విని నేనే కొంచెం వెనక్కి జరిగాను. వాట్లు, వారంటీలు తప్ప వేరే మాటకు అది లేచి చాలా కాలమైంది. ఆమె పట్టించుకోలేదు. రెండో ముక్క అంది, అందుకున్నాను. కళ్ళు మూసుకుంది. పాట ఎక్కడ పైకి వెళుతుందో, ఎక్కడ దిగుతుందో నాకు తెలియదు. తెలియనవసరం లేదు కూడా, ఆమె అన్నది అంటే చాలు. రానురాను నాకు ధీమా వచ్చి, ఒకచోట ఆమె ముగించకముందే అందుకున్నాను. ఆమె కళ్ళు తెరవకుండానే తల ఊపింది. పాట ఎంతసేపు సాగిందో చెప్పలేను. చూడవలసిన మనిషి మిషను దగ్గర లేడు.

తర్వాత ఆమెకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. మొదట నవ్వింది. మెల్లగా నవ్వు తగ్గింది.

"ఈ మగాయన ఎవరండి?"

"నేనేనమ్మా."

"ఇంత వినపడతారనుకోలేదండి." హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకుంది. "మీరు దీంట్లో ఉండకూడదండి. మా ఊళ్ళో క్యాసెట్టు ఒక్క ఇంట్లో ఆగదు. మా వీధంతా వింటారు. నేనంటే ఆయనంటాడు, మళ్ళీ నేనంటే ఆయనంటాడు. కువైట్‌లో ఎవడో దొరికాడు, పాటలు పాడుకుంటున్నారంటారు. మా అమ్మ వీధిలోకి రాగలదాండి? తీసేయొచ్చా?"

"తీసేస్తాను."

"మిషనుకు చెబితే పోతదాండి?"

"పోతుంది," అన్నాను. ఒకే మైకు, ఒకే టేపు. పాలల్లోంచి నీళ్ళు తీసేస్తానని చెప్పినట్టే. కింద డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె ఖాళీ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

శనివారం ఉస్తాద్‌కు వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. "ఆమె చాలా బాగుంది. వెనక ఎవరో సరుకు దింపుతున్నారు. ఎవరది?"

"నేనే ఉస్తాద్."

కళ్ళు తెరిచాడు. "మరి టేపు ఎవరు చూస్తున్నారు?"

నేను టేపు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను.

"ఇదే ఇస్తే సున్నా. తీసెయ్ ఆ మనిషిని."

జహ్రాలో ఉండే ఆవిడా, కైరో నుంచి వచ్చిన ఉస్తాదూ ఒకరినొకరు చూసింది లేదు. నా విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

ఇప్పుడు మీరు తెర మీద వేలు పెట్టి గీస్తే గొంతు పోతుంది. నాకు ఒక వారం మధ్యాహ్నాలు పట్టింది. టేపును చేత్తో ముందుకూ వెనక్కూ జరుపుతూ, నేను మొదలయ్యే చోట ఒక గీత, ఆగే చోట ఒక గీత పెట్టి, బ్లేడుతో కోయడం. కోసేముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకున్నాను. మొదటిసారి ఆమె ముక్కలను ముక్కలకు కలిపి అతికించాను. ఉస్తాద్ విని, "ఈమెను కుక్క తరుముతోందా?" అన్నాడు. అప్పుడు ఆ శుక్రవారం పొద్దున తీసిన ఖాళీ గది గుర్తొచ్చింది. నేను ఉన్న చోటల్లా నాకు సరిపడా పొడవు కొలిచి, ఆ నిశ్శబ్దాన్ని అతికించాను. ఎక్కడా అతుకు తెలియలేదు. ఒక్కచోట, నేను తొందరపడి అందుకున్నచోట, ఇద్దరి గొంతులూ కలిసిపోయి బ్లేడుకు దారి లేదు. ఆమె అక్షరం పోకుండా ఎంత దగ్గరగా కోయగలనో అంత దగ్గరగా కోశాను. నాది ఒక పొల్లు మిగిలింది.

కోసిన తునకలన్నీ బల్ల అంచుకు వేలాడుతున్నాయి. ఊరికే పారేయడమెందుకని వాటిని కూడా ఒకదానికొకటి అతికించి విన్నాను. ఒక మనిషి, ఎవరూ ఏమీ అనకుండానే, ఔనౌను అంటూ పోతున్నాడు. అది రెండోసారి వినలేదు.

పరీక్ష రోజు ఉస్తాద్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆమె మొదటి ముక్క అంది. తర్వాత నిశ్శబ్దం. ఉస్తాద్ కనుబొమ్మ కదిలింది. రెండో ముక్క, మళ్ళీ నిశ్శబ్దం. ఇది తప్పని అంటాడని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. షుఐబా గోడౌను కళ్ళ ముందు కనబడుతోంది. మూడో ఖాళీలో, తనకు తెలియకుండానే, ఆయన ఆ వరస సన్నగా కూనిరాగం తీశాడు. నాలుగో ఖాళీలో కూడా తీశాడు. భాష ఆయనది కాదు, దేవుడూ వేరే పేరువాడు. పాట అయిపోయాక కళ్ళు తెరిచి, నేను చూశానని గ్రహించి గొంతు సవరించుకున్నాడు.

"మైకు ఇంకొంచెం దగ్గరగా పెట్టవలసింది," అన్నాడు. తర్వాత, "యల్లా, నీ కఫీల్‌తో మాట్లాడి రా," అన్నాడు.

నన్ను నేను తీసేసుకున్న పనికి నాకు ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. బ్లేడు పోయి కంప్యూటరు వచ్చింది, ఉస్తాద్ కైరో వెళ్ళిపోయాడు, మలయాళీ సాల్మియాలో సొంత స్టూడియో పెట్టి నాకంటే మూడింతలు సంపాదించాడు. కొత్తగా చేరిన ప్రతి బ్యాచికీ నేను ఆ రెండు నియమాలే చెప్పాను. ఖాళీ గదిని ముందే రికార్డు చేయండి, టేపు తిరుగుతుండగా మిషను వదలకండి. ఎందుకని ఎవరూ అడగలేదు, కుర్రవాళ్ళు మంచివాళ్ళు.

క్యాసెట్టు డ్రైవరు చేతికిచ్చి పంపాను. కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం మామా బట్టల కొట్లో ఉండగా, అతను ఆమెను కాలేజీ దాకా తీసుకొచ్చాడు. కారు ఎక్కడో అడ్డంగా పెట్టానని అతను కిందే ఉండిపోయాడు. ఆమె స్టూడియో గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు.

"ఊరికి ఫోన్ చేశానండి," అంది. "మా అమ్మాయి రోజూ ఆ క్యాసెట్టు పెట్టుకుంటందంట. నేనాగిన చోటల్లా అది అందుకుంటందంటండి. మా అమ్మ కూడానంట. పక్కింటివాళ్ళు కూడా సాయంత్రం వచ్చి కూచుంటన్నారంట."

"ఏడవట్లేదా?"

"ఏడవడానికి ఖాళీ ఎక్కడుందండి, అందుకోవాలిగదా." నవ్వింది. "ఒక్కచోట మాత్రం ఎవరో దగ్గారంట. ఏసీ పడక నాకు జలుబు చేసిందని మా అమ్మ బెంగ."

కింద హారన్ మోగింది. ఆమె వెళ్ళబోయింది. నాకు బీరువాలో ఉన్న కాపీ గుర్తొచ్చింది.

"కోయనిది కూడా ఒకటి ఉందమ్మా," అన్నాను. "ఇద్దరం పాడింది. ఎవరికీ పంపక్కర్లేదు, ఇక్కడే ఒకసారి వింటారా?"

"ఎందుకులెండి అన్నయ్యగారూ," అంది ఆమె, మెట్ల వైపు తిరుగుతూ. "మీరు లేకపోతేనే బాగుంది."